శుద్ధప్రతి

సోమవారం పదకొండు గంటలప్పుడు ప్రొఫెసర్ కౌంటరు వరసలో నాలుగో మనిషి. నివాస ధ్రువపత్రం మీద ఒక ముద్ర వేయించుకోవాలి, అంతే పని. వరసలో నిలబడ్డ మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఆమెకు అలవాటైన పని వినడం. ఎవరు ఎవరిని నువ్వు అంటున్నారు, ఎవరిని మీరు అంటున్నారు, ఎవరితో మాట్లాడేటప్పుడు మాట చివర ‘అండి’ తగిలింది, ఎవరి దగ్గర తగల్లేదు. ముప్ఫై ఏళ్లుగా విశ్వవిద్యాలయం ఆమెను పోషిస్తున్నది ఈ పనికే. ఇంట్లో వదిన దీన్ని తోకలు లెక్కపెట్టే ఉద్యోగం అంటుంది.

ఇవాళ వినాలని కూడా లేదు. మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కౌంటరు అవతలివాళ్లకే వెళ్తోంది. అయినా ఎదురుగా జరుగుతున్నది చెవిన పడుతూనే ఉంది.

"ఈ ఫారం కాదని పోయినవారమే చెప్పాను. చెవుడా నీకు?" అన్నాడు గుమస్తా.

"వాళ్లు ఇదే ఇమ్మన్నారయ్యా" అంది కౌంటరు ముందున్న ముసలావిడ.

"వాళ్లెవరు? ఎవరు చెప్పారో వాళ్ల దగ్గరికే పో. జరుగు జరుగు, వెనకాల జనం ఉన్నారు."

ముసలావిడ జరిగింది. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దోపింది. ఆ కవర్లో అలాంటి మడతలు ఇంకో అయిదారు ఉన్నాయి. బయటికి మాత్రం వెళ్లలేదు. వెళ్తే మళ్లీ వరస చివర్నించి రావాలన్న భయం కాబోలు, గోడకి ఆనుకుని నిలబడింది.

ప్రొఫెసర్ వంతు వచ్చేసరికి అదే నోరు, "రండి మేడమ్, కూర్చోండి, చెప్పండి" అంది. తరగతిలో అయితే ఆమె బోర్డు మీద రెండు బాణాలు గీసి ఈ తేడా వివరించేది. ఇక్కడ బోర్డు లేదు.

"ఆ పెద్దావిడతో కూడా ఇలాగే మాట్లాడొచ్చు కదండీ" అంది.

గుమస్తాకు కోపం రాలేదు. కాగితంలో ఆమె పేరూ ఉద్యోగమూ చదివాడు, తల ఎత్తి మొహంలోకి చూశాడు. "మీరేనా మేడమ్ ఆ పుస్తకం రాసింది? మాకు రెండు రోజుల ట్రైనింగులో మీ పుస్తకమే చెప్పారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మొదటి రోజే బోర్డు మీద రాయించారు."

సొరుగు లాగి జెరాక్సు కాగితాల దొంతర ఒకటి పైకి తీశాడు. అన్నీ ఒకే పేజీ. ఆమె పుస్తకంలో నూట నలభై రెండో పేజీ.

"ఎవరన్నా మేం దురుసుగా మాట్లాడామని ఫిర్యాదు పెట్టారనుకోండి, మా జవాబుకి ఈ పేజీ జతచేసి పంపిస్తాం. పైవాళ్లు చూసి ఫైలు మూసేస్తారు. చాలా ఉపయోగపడుతోంది మేడమ్" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే కృతజ్ఞతగా అన్నాడు.

ఆమె తన వాక్యాలు తానే చదువుకుంది. 'కౌంటర్ల దగ్గర పేద వృద్ధులతో గుమస్తాలు మాట్లాడే మాటల్లో అండి అనే మర్యాద ప్రత్యయం నూటికి డెబ్భై ఒక్కసార్లు కనిపించింది. మందలించేటప్పుడు సైతం మర్యాద వీడకపోవడం మన కౌంటరు భాష ప్రత్యేకత.' కింద ఎవరో ఎర్ర ఇంకుతో గీత గీశారు.

"ఆవిడ కూడా ఫిర్యాదు పెట్టిందా?" అని అడిగింది, గోడవైపు చూడకుండా.

"పెట్టింది మేడమ్, పోయిన నెల. మూసేశారు." ముద్ర టప్పున పడింది. "ఇంకేమన్నా కావాలా మేడమ్?"

ఇంకేమీ అక్కర్లేదంది. బయటికి వెళ్లేటప్పుడు గోడ పక్కనించే నడవాలి. ముసలావిడ ఆమెకు దారి ఇవ్వడానికి కవరు గుండెలకు అదుముకుని ఇంకాస్త వెనక్కి జరిగింది. ఏదో ఒకటి అనాలనిపించింది ప్రొఫెసర్‌కి. మర్యాద మీద మూడు వందల పేజీలు రాసిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. సిగ్గేసింది. తల వంచుకుని మెట్లు దిగింది.

మంగళవారం మధ్యాహ్నం రికార్డింగు గదిలోని టెక్నీషియన్ ఫోన్ చేశాడు. ఆయన్ను విద్యార్థులు నిశ్శబ్దంగారు అంటారు. గోడలకి స్పాంజి అతికించిన గదిలో ఇరవై ఆరేళ్లు కూర్చుని మాట్లాడటం దాదాపు మానేశాడు. ఆయనే ఫోన్ చేశాడంటే విషయం చిన్నది కాదు.

"మేడమ్, ఒక చిన్న సందేహం. వీలైతే కిందికి రండి" అన్నాడు.

ఆమె పుస్తకం కొత్త ముద్రణకి వెళ్తోంది. ఈసారి దానితోపాటు అప్పటి రికార్డింగులన్నీ విశ్వవిద్యాలయం భాండాగారంలో పెడతారు, ఎవరైనా వినొచ్చు. నలభై ఆరు క్యాసెట్లు. నిశ్శబ్దంగారు రెండు నెలలుగా వాటి మీద ఉన్నాడు. ఒక్కో క్యాసెట్టు మరలు విప్పి, దూదికి స్పిరిట్ అద్ది చక్రాలు తుడిచి, అరిగిన స్పాంజి ముక్క తీసి కొత్తది అతికించి, టేపుని ఈ చివర్నించి ఆ చివరికి రెండుసార్లు ఊరికే తిప్పి, అప్పుడు గానీ వినడు. విన్నదాన్ని అప్పట్లో టైపు చేసిన ప్రతితో సరిచూసి పక్కన టిక్కు పెడతాడు. ఆ పని ఎవరూ చెప్పలేదు. తనకి తోచి చేస్తున్నాడు.

బల్ల మీద టైపు ప్రతులు పరిచి ఉన్నాయి. వాటి నిండా పెన్సిలు చుక్కలు.

"చుక్క పెట్టినచోట కాగితం మీద అండి ఉంది. టేపులో వినపడలేదు. నా చెవే పాడైందేమో అనుకున్నాను. తొమ్మిది క్యాసెట్లు చూశాను మేడమ్" అన్నాడు. ఆయన ఒక నెలలో మాట్లాడే మాటలు అయిపోయినట్టు కుర్చీ చూపించి పక్కకి తప్పుకున్నాడు.

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ముందు బుసబుస. తర్వాత జనం గోల, దూరంగా ఎక్కడో తలుపు చప్పుడు, కుర్చీ కాళ్లు నేల మీద రాసుకున్న మోత. తర్వాత మగగొంతు, స్పష్టంగా: "ఏయ్ ముసలమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వేలిముద్ర అక్కడ కాదు, ఇక్కడ. కళ్లు లేవా?"

కాగితం మీద ఇలా ఉంది: "అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? వేలిముద్ర అక్కడ కాదండీ, ఇక్కడ. కళ్లు కనబడవాండీ?"

వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. అయిదుసార్లు విన్నది. ఆరోసారి వినాల్సిన అవసరం లేదు.

కళ్లు కనబడవాండీ. ఆ ఒక్క వాక్యం మీద ఆమె అయిదో అధ్యాయం మొత్తం రాసింది. దానికి మర్యాదపూర్వక మందలింపు అని పేరు పెట్టింది. తిడుతూ కూడా అండి వదలని విచిత్రమైన సంస్కారం మన కౌంటర్లలో ఉందని సభల్లో చెప్తే విదేశాలవాళ్లు రాసుకున్నారు, పైకి లేచి చప్పట్లు కొట్టారు. ముగ్గురు విద్యార్థులు దాని మీద పరిశోధన చేసి డాక్టరేట్లు తెచ్చుకున్నారు. లోకంలో ఏ గుమస్తా ఏనాడూ అనని మాట అది.

రికార్డు చేసింది తనే. కానీ టేపులు అరవై గంటలు. మొదటి రెండు క్యాసెట్ల ప్రతులు తను పక్కన కూర్చుని సరిచూసింది, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఆ తర్వాత నమ్మింది. టేపు వినడం కష్టం, కాగితం చదవడం సుఖం. ఆమె జీవితమంతా సుఖమైన వైపునుంచే నడిచింది. 

"అన్నీ ఇంతేనా?" అంది.

"ఒకటీ రెండూ సరిగ్గానే ఉన్నాయి. నాలుగో నంబరు నుంచి ఇలాగే. మూడో నంబరు డబ్బా ఖాళీగా ఉంది, క్యాసెట్టు లేదు." కిటికీ లేని గోడవైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "నాలుగు క్యాసెట్లకి నిజంగానే ఫంగస్ పట్టింది మేడమ్. మిగతావాటికీ పట్టిందని రాసేస్తే అడిగేవాళ్లు లేరు."

ఆమె ఆ మనిషిని చూసింది. రెండు నెలలు దూదితో తుడిచిన క్యాసెట్లని ఆమె కోసం చెత్తలో వేస్తానంటున్నాడు. వద్దని వెంటనే అనాలి. అనలేకపోయింది. ఆలోచిస్తానని చెప్పి మెట్లెక్కింది. ముందుమాట శుక్రవారానికల్లా పంపాలని ప్రచురణకర్త పెట్టిన సందేశం మెట్ల మీద ఉండగానే ఫోన్లో మోగింది.

ఆ ప్రతులన్నీ టైపు చేసింది వదిన. రిజిస్ట్రారు ఆఫీసులో ముప్ఫై మూడేళ్లు టైపిస్టుగా చేసిన మనిషి. అన్న పోయిన దగ్గర్నించీ వదినా ఆడబిడ్డా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, ఆయన పోయాక నాకు మిగిలింది ఈ సగమే అని వచ్చినవాళ్లందరితో చెప్తుంది. డెబ్భైకి దగ్గరపడుతోంది. ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ఏమన్నా చెప్పాలంటే కుడివైపు వెళ్లి చెప్పాలి.

సాయంత్రం ఆమె వెళ్లేసరికి వదిన వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి పీచు తీస్తోంది. ప్రొఫెసర్ కుడివైపు కూర్చుంది. బ్యాగులోంచి చుక్కలు పెట్టిన ప్రతి తీసి ఒళ్లో పెట్టింది.

"ఈ అండీలు ఎక్కడివి వదినా?"

వదిన కళ్లజోడు సర్దుకుని చదివింది. దాచడానికి ఏమీ ప్రయత్నించలేదు. "నేను పెట్టినవే. ఎన్నేళ్లయింది దీనికి? ఇప్పుడా అడగడం?"

"ఎందుకు పెట్టావు?"

"నువ్వే కదా శుభ్రంగా కొట్టమన్నావు."

"శుభ్రంగా అంటే కొట్టివేతలు లేకుండా అని."

"ఆ మాట అప్పుడు చెప్పాలి. మా ఆఫీసులో చిత్తుప్రతి వేరు, శుద్ధప్రతి వేరు. ఆఫీసరు చిత్తులో ‘ఆ వెధవ మళ్లీ అర్జీ పెట్టాడు’ అని రాసేవాడు. నేను ‘సదరు వ్యక్తి మరల అర్జీ దాఖలు చేసియున్నారు’ అని కొట్టేదాన్ని. ఒక్కనాడూ కాదనలేదు. నీ చేతిలో పడితే కాగితానికి పెద్దరికం వస్తుందమ్మా అనేవాడు. నీ టేపులూ అలాంటి చిత్తే అనుకున్నాను." వదిన ఇంకో కాయ తీసుకుంది. "ఏయ్ ముసలమ్మా అని ఎలా కొట్టను? నా చెయ్యాడలేదు."

ప్రొఫెసర్‌కి నిజంగా కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్లలో వదిన మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. "పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా గొరిగిందట. నా బతుకంతా గొరిగి పెట్టావు. చెయ్యాడకపోతే నాకు చెప్పొద్దా? నేను లెక్కపెట్టింది ఆ తోకల్నే అని నీకు తెలియదా?"

"లెక్కపెడతావని తెలుసు గానీ, దాని మీదే ఇంత నడుస్తుందని నాకేం తెలుసు?"

"ఆ పేజీ చూపించి ఆఫీసుల్లో ఫిర్యాదులు మూసేస్తున్నారు. నిన్న నా కళ్లతో చూసి వచ్చాను. తిన్న తిట్లు తిననట్టు నేను రాసిచ్చాను వాళ్లకి."

వదిన చేతులు ఆగాయి. పీచు వేళ్లకి చుట్టుకుని అలాగే ఉంది. "అది కాదమ్మాయ్, అసలు మొదట..." అంటూ ఏదో చెప్పబోయింది.

ప్రొఫెసర్ లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఇద్దరూ వేరువేరుగా తిన్నారు.

బుధవారం ఆమె సెలవు పెట్టింది. బల్ల ముందు కూర్చుని ముందుమాట రాయడం మొదలుపెట్టింది. మొదటిది గంటలో వచ్చేసింది. ఇన్నేళ్లూ ఈ పుస్తకాన్ని ఆదరించిన పాఠకులకి నమస్కారాలు, కాలదోషం వల్ల కొన్ని రికార్డింగులు శిథిలమైనందుకు విచారం. చక్కగా ఉంది. చదువుకుంటే ఎక్కడా తడబాటు లేదు. పంపేస్తే శుక్రవారం కూడా అక్కర్లేదు, ఇప్పుడే తీరిపోతుంది. ఇంకో రెండేళ్లలో ఉద్యోగం పూర్తవుతుంది, ఆ తర్వాత క్యాసెట్లు ఎవరికి కావాలి?

టీ కలుపుకుందామని లేచింది. నీళ్లు మరిగేలోపు గోడకి ఆనుకున్న ముసలావిడ గుర్తొచ్చింది. ఆవిడ కూడా ఫిర్యాదు రాయించుకోవడానికి ఎవరినో బతిమాలి ఉంటుంది. దానికి జవాబుగా ఈ నమస్కారాల పుస్తకంలో పేజీ ఒకటి వెళ్లింది. ప్రొఫెసర్ పొయ్యి ఆపి తిరిగి వచ్చి మొదటి కాగితాన్ని చింపేసింది.

రెండోది రాయడానికి సాయంత్రం దాకా పట్టింది. అయిదో అధ్యాయం తప్పని రాసింది. నూట నలభై రెండో పేజీలోని లెక్క తప్పని, దాన్ని ఎవరూ దేనికీ ఆధారంగా చూపకూడదని రాసింది. చెయ్యి నొప్పి పుట్టింది. తప్పు ఎలా జరిగిందో చెప్పాలి కదా, అక్కడ కలం చాలాసేపు ఆగింది. చివరికి ఇలా రాసింది: 'టైపిస్టు అత్యుత్సాహం వల్ల రికార్డుల్లో లేని మర్యాద ప్రత్యయాలు ప్రతుల్లో చేరాయి. పరిశోధకురాలు ఆ ప్రతులను విశ్వసించింది.' చదువుకుంది. అబద్ధం ఒక్కటీ లేదు. తప్పు ఒప్పుకున్నట్టూ ఉంది, తప్పు తనది కానట్టూ ఉంది. ఇలాంటి వాక్యాలు రాయడం ఆమెకి బాగా వచ్చు.

ఆ పుస్తకం మొదటి ముద్రణలో 'ప్రతులు సిద్ధం చేసిన మా వదినగారికి కృతజ్ఞతలు' అని ఉంది. ఇంట్లో ఏనాడూ లేని గారు అక్కడ ఉంది. ఇప్పుడు ఆ వదినగారు పోయి టైపిస్టు వచ్చింది.

ఆమె కలంతో రాసినవన్నీ వదినే కొడుతుంది. కాగితాలు కంప్యూటరు పక్కన, అద్దం బరువు కింద పెడితే చాలు. మూడు దశాబ్దాల అలవాటు, చెయ్యి దానంతట అదే కాగితాలు అక్కడ పెట్టింది. పెట్టాక తీసుకుందామనుకుంది. ఈలోపు వదిన వచ్చి కుర్చీలో కూర్చుంది.

ప్రొఫెసర్ పక్క గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చుంది. వదిన పాత మిషను మీద కొట్టినట్టే మీటలు గట్టిగా కొడుతుంది, ఇల్లంతా వినపడుతుంది. ఇన్నేళ్ల అనుభవంతో ప్రొఫెసర్‌కి ఏ పేరా ఎక్కడ పూర్తవుతుందో చప్పుడుని బట్టి తెలుసు. ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు ఆగుతుందేమోనని ఊపిరి బిగబట్టి వింది. చప్పుడు ఎక్కడా ఆగలేదు. ఒకే వేగంతో చివరిదాకా వెళ్లి ఆగింది. తర్వాత ప్రింటరు మూలిగింది.

వదిన నిద్రపోయాక వెళ్లి చూసుకుంది. ఒక్క అక్షరం మార్చలేదు. టైపిస్టు అత్యుత్సాహం వల్ల అన్నది ఎలా రాసిందో అలాగే ఉంది. ఎక్కడన్నా ఒక మాట మెత్తబరిచి ఉంటే బాగుండునని ప్రొఫెసర్‌కి అనిపించింది. ఆ కాగితాలు పట్టుకుని పడుకుంది గానీ నిద్ర సరిగ్గా పట్టలేదు.

గురువారం పొద్దున్న వదిన పాత టేప్ రికార్డర్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి ప్లగ్గు గుచ్చింది. అప్పట్లో ఆ ప్రతులన్నీ దాని ముందు కూర్చునే కొట్టింది. దానితోపాటు చేతిరుమాల్లో చుట్టిన క్యాసెట్టు ఒకటి. అట్ట మీద వెలిసిన ఇంకుతో మూడు అని ఉంది.

"ఆ కాగితం పంపేముందు ఇది విను" అంది వదిన.

"ఇది నీ దగ్గరుందా?"

"వినమ్మాయ్."

బుసబుస అయ్యాక ఒక ముసలిగొంతు ఏదో చెప్తోంది, కొడుకు సంగతి, పేరు తప్పు పడిన కాగితం సంగతి. మధ్యలో ఒక ఆడగొంతు అడ్డు తగిలింది. "అదంతా నాకక్కర్లేదు. అడిగినదానికి చెప్పు. ఇటు తిరుగు. ముందు ఆ మూట కింద పెట్టు, నీ మాటకన్నా దాని చప్పుడే ఎక్కువుంది."

ఎవరో ఆడ గుమస్తా అనుకుంది ప్రొఫెసర్. విసుగున్న గొంతు, చిన్న వయసు. అలాంటి గొంతులు ఆమె చాలా విన్నది. ఆ రోజుల్లో కౌంటరులో ఆడవాళ్లు ఎవరున్నారా అని గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసింది. ముసలావిడ మళ్లీ మొదలుపెట్టి చెప్పలేక ఏడ్చింది. టేపు నిండా ఆ వెక్కిళ్లే.

"ఏడుపాపు" అంది ఆడగొంతు. "టేపులో పడుతోంది."

అప్పుడు తెలిసింది. గుమస్తాకి టేపు గొడవ ఎందుకు?

పుస్తకం చివర అనుబంధంలో ఒకే ఒక్క ఇంటర్వ్యూ ఉంది. కౌంటరు దగ్గర ముసలావిడతో పరిశోధకురాలి సంభాషణ. అక్కడ పరిశోధకురాలు, 'కాస్త స్థిమితపడండమ్మా. తొందరేం లేదు' అంటుంది. బాధలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో చూడండని ఆ పేజీని ప్రొఫెసర్ ఏటా కొత్త విద్యార్థులకి పైకి చదివి వినిపిస్తుంది. ఎవరైనా పిల్లలు తన గదిలోకి వచ్చి ఏడిస్తే ఆ మాటే అంటుంది. తనకి పుట్టుకతో వచ్చిన మాటే అనుకుంది.

"స్థిమితపడండమ్మా అన్నది నేనే అనుకున్నాను వదినా. అన్నట్టు గుర్తు కూడా ఉంది."

"చదివి చదివి గుర్తయి ఉంటుంది" అంది వదిన. టేపు ఆపింది. "మొదట నీదే సరిచేశాను. రేపు నలుగురూ చదివే పుస్తకం. మా ఆడబిడ్డ ఇలా మాట్లాడిందంటే ఏం బాగుంటుంది? మార్చాను, ఎవరూ వినకుండా క్యాసెట్టు దాచేశాను. తర్వాత నాలుగో క్యాసెట్టు పెట్టుకుంటే గుమస్తాలు వాళ్ల తిట్లు వాళ్లు తిడుతున్నారు. నీ ఒక్కదాన్నే మంచిదాన్ని చేసి వాళ్లని అలాగే వదిలేస్తే పక్షపాతం అవుతుంది కదా. వాళ్లూ ఎవరి ఇంటివాళ్లో. అందుకని అందరికీ తగిలించాను."

నూటికి డెబ్భై ఒకటి ఎక్కడ పుట్టిందో ప్రొఫెసర్‌కి ఇప్పుడు పూర్తిగా తెలిసింది. తన నోటి దగ్గర పుట్టింది.

"ఆ రోజు నువ్వు పొద్దుట్నించీ ఏమీ తినలేదు. వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది" అంది వదిన.

"ఆవిడ మాత్రం తిందా?"

వదిన చేతిరుమాలు మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ముందే ఎందుకు చెప్పలేదు? నిన్న ఆ వాక్యం నువ్వే కొట్టావు కదా. కొట్టేటప్పుడన్నా చెప్పొచ్చు."

"మొన్న చెప్పబోతే లేచిపోయావు. నిన్న కొట్టేటప్పుడు మాత్రం చెప్పకూడదనే అనుకున్నాను. నా పేరు పోతే పోయేదేముంది, నేనెవరికి తెలుసు? కానీ ఉన్నవి లేనట్టు కొట్టినందుకే కదా ఈ గొడవంతా వచ్చింది. పొద్దున్న లేచేసరికి మళ్లీ అదే పని చేస్తున్నాననిపించింది."

ప్రొఫెసర్ ముందుమాట తీసుకుని టైపిస్టు అనే మాట మీద అడ్డంగా గీత గీసింది. అత్యుత్సాహం మీద ఇంకో గీత. ఆ వాక్యంలో ఇంక మిగిలింది పెద్దగా ఏమీ లేదు. తర్వాత ఫోన్ తీసి నిశ్శబ్దంగారికి చెప్పింది, ఫంగస్ అని ఒక్కదానికీ రాయొద్దని, మూడో క్యాసెట్టు మధ్యాహ్నం తెస్తున్నానని. సరే మేడమ్ అన్నాడాయన. మంచిది మేడమ్ అని కూడా అన్నాడు. ప్రచురణకర్త మాత్రం చాలా మాట్లాడాడు. పుస్తకం ఆగిపోతుందన్నాడు, మీకెందుకండీ ఈ వయసులో అన్నాడు. ఆగిపోనివ్వండి అంది. నూట నలభై రెండో పేజీ చెల్లదని కౌంటరు ఆఫీసు పైఅధికారికి ఉత్తరం కూడా రాయాలి. ఆ ఉత్తరంతో మూసిన ఫైళ్లు తెరుస్తారన్న నమ్మకం ఆమెకేం లేదు. అయినా ఇవాళే రాయాలి.

"ముందు అనుబంధం కొడదాం" అంది వదినతో. "నీకు టేపు సరిగ్గా వినపడదు కదా. నేను విని చెప్తాను, నువ్వు కొట్టు."

వదిన కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రొఫెసర్ కుడివైపు కుర్చీ వేసుకుని హెడ్‌ఫోన్స్ టేప్ రికార్డర్‌కి తగిలించింది. నాలుగు మాటలు వినడం, ఆపడం, చెప్పడం. వదిన వేళ్లు ఆ నాలుగు మాటలూ కొట్టి మళ్లీ ఎదురుచూడటం. కొడుకు సంగతి అయింది. పేరు తప్పు పడిన కాగితం అయింది. మూట కింద పెట్టమన్నది అయింది. ముసలావిడ ఏడుస్తున్నచోట ఏమని కొట్టాలని వదిన అడిగితే, ఏడుస్తోంది అని కొట్టమంది.

తర్వాత మాట దగ్గర టేపు ఆపింది. చెప్పింది.

"ఏమన్నావు?" అంది వదిన, కుడిచెవి ఇటు తిప్పి.

మళ్లీ చెప్పింది.

"వినపడట్లేదమ్మాయ్. అంత మెల్లగా గొణిగితే నేనేం కొట్టను? టేపులో ఎలా ఉందో అలా చెప్పు."

ప్రొఫెసర్ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. వదిన చెవి దగ్గరికి వంగింది.

"ఏడుపాపు. టేపులో పడుతోంది" అంది గట్టిగా. ముప్ఫై ఏళ్లనాటి విసుగు గొంతులో చెక్కుచెదరకుండా ఉంది.

వదిన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, తెరవైపు తిరిగి, ఆ మాట అలాగే కొట్టింది.